శివారు దాకా పారిన వాక్యం

ఇన్నేళ్ళ నా రాతలో చెప్పుకోదగ్గ వాక్యం ఒక్కటే ఉంది. దాన్ని నా చేతులతో నేనే పాడుచేశాను. ఎవరో కాపీ కొట్టి పాడుచేశారని చెప్పుకుంటే కొంచెం గౌరవంగా ఉండేది గానీ, అలా జరగలేదు. అడిగినవాళ్ళకి అడిగినట్టు ఇచ్చాను. అడగనివాళ్ళ చేత అడిగించుకుని మరీ ఇచ్చాను. మొదట్లో ఇచ్చిన ప్రతిసారీ జనం చప్పట్లు కొట్టారు. దోమల్ని చంపడానికి కూడా చప్పట్లే కొడతారన్న సంగతి నాకు బాగా ఆలస్యంగా తట్టింది.

అప్పట్లో నేను కోనసీమలో ఓ చిన్న టౌనులో హైస్కూలు తెలుగు మాస్టారిని. ఊరికి ఒక్కడే తెలుగు మాస్టారుంటే ఆయనకి రెండు ఉద్యోగాలుంటాయి. ఒకటి పిల్లలకి సంధులు చెప్పడం, రెండు పెద్దలకి సన్మాన పత్రాలు రాయడం. మొదటిదానికి జీతం, రెండోదానికి టిఫిను. రెండోదే నాకు బాగా ఒంటబట్టింది. ఒంటికి కూడా పట్టింది.

తొంభైల్లో మా వైపు సన్మానాలు కొబ్బరికాయల్లాగే ఏడాది పొడుగునా దిగుబడినిచ్చేవి. రిటైరైతే సన్మానం, బదిలీ అయితే సన్మానం, బదిలీ ఆగిపోతే ఇంకా పెద్ద సన్మానం. శాలువా, పూలదండ, జ్ఞాపిక, వాటితోపాటు రంగు సిరాతో అచ్చేసి అద్దం కట్టించిన సన్మాన పత్రం. దాన్ని మైకులో చదివి, చేతికిచ్చి, అందరూ ఒక పక్కకి ఒరిగి ఫొటో దిగాలి. అందులో ఏం రాయాలో మా తాతల కాలంలోనే తేలిపోయింది. సహృదయ శిరోమణి, బహుముఖ ప్రజ్ఞాశాలి, నిగర్వి, అజాతశత్రువు. నేను అజాతశత్రువులని రాసినవాళ్ళలో చాలామందికి కోర్టులో వాయిదాలు నడుస్తుండేవి. నిగర్వి అన్న మాటకి అక్షరాలు చిన్నవైపోయాయని స్టేజీ మీదే మొహం మాడ్చుకున్న పెద్దమనిషి కూడా ఉన్నాడు. పొగడ్తలోనే పొగ ఉంది. దగ్గరగా కూర్చున్నవాడికి కళ్ళు మండి నీళ్ళొస్తాయి. కింద కూర్చున్నవాళ్ళు ఆనందబాష్పాలనుకుంటారు.

ఇలా పొగబెట్టుకుంటూ హాయిగా రోజులు గడుపుతుంటే, ఒక మధ్యాహ్నం ఐదారుగురు రైతులొచ్చి మా స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ళది కాలువ చిట్టచివర, ఉప్పుగాలి తగిలే ఊరు. శివారు అంటాం. కాలువకి మొదట్లో ఉన్నవాడు రెండు పంటలు పండిస్తే, శివారువాడు అర్జీలు పండిస్తాడు.

"మా లస్కరు గారు రిటైరవుతున్నారండి మాస్టారూ. చిన్న మీటింగు పెట్టుకుంటున్నామండి. తమరో కాయితం రాసిపెట్టాలి" అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

లస్కరంటే ఇరిగేషన్ వాళ్ళ దగ్గర చిన్న ఉద్యోగి. లాకుల దగ్గర తలుపులెత్తి దించడం, గట్టు వెంబడి సైకిలు మీద తిరగడం, గండి పడితే పారతో పూడ్చడం, వంతు తప్పి నీళ్ళు మళ్ళించుకున్నవాళ్ళని ఆపి వాళ్ళ చేత తిట్లు తినడం ఆయన పని. అలాంటి మనిషికి సన్మాన పత్రం రాయడం నాకదే మొదలు. అలవాటు కొద్దీ 'సహృదయ శిరోమణి' అని రాసి, పైకి చదివాను. రైతులు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఆయనకి తమకి తెలీకుండా ఇంకో పేరుందేమోనన్నట్టు.

"సరే, ఆయన చేసిన గొప్ప పనులేంటో చెప్పండి" అన్నాను.

"గొప్ప పనులేం లేవండి. నీళ్ళు శివారు దాకా పారించాడండి. ఆయన రాకముందు మాకు కాలవుందని మ్యాపులో చూసుకునేవాళ్ళం."

"పైవాళ్ళు ఊరుకున్నారా మరి?"

"ఎందుకూరుకుంటారండీ. సైకిలు తీసి కాలవలో పడేశారు, రెండుసార్లు. దిగి తీసుకున్నాడు, ఆరబెట్టుకున్నాడు, మళ్ళీ వచ్చాడండి."

నేను శిరోమణిని కొట్టేశాను. పెద్దగా ఆలోచించలేదు. 'పార భుజాన వేసుకుని మీరు నడిచిన గట్టు మీద ఇవాళ మేం నిలబడి ఉన్నాం. మీరు శివారు దాకా పారిన మనిషి' అని రాశాను. నిజానికి అందులో ముప్పాతిక ఆ రైతు మాటే. పారించాడని ఆయనంటే పారాడని నేను రాశాను. ఒక సున్నా, ఒక చకారం తీసేసినందుకు పేరంతా నాకొచ్చింది.

ఆ మీటింగు వాళ్ళ ఊరి లూథరన్ చర్చి ఆవరణలో, షామియానా కింద జరిగింది. లస్కరు గారు ఆ చర్చి మనిషే. ఇస్త్రీ మడత విప్పని తెల్లచొక్కా వేసుకుని, కుర్చీ అంచు మీద కూర్చున్నారు, ఇంకెవరిదో కుర్చీ అయినట్టు. నేను పత్రం చదువుతూ ఆఖరి వాక్యానికొచ్చినా ఆయన తలెత్తలేదు. అరిచేతిలో కాయ గట్టిపడ్డ చోట బొటనవేలితో రుద్దుకుంటూ కూర్చున్నారు. వెనకనించి ఎవరో, "మాస్టారూ, ఆ ఆఖరి ముక్క ఇంకోసారి చదవండి" అన్నారు. చదివాను. చప్పట్లు కొట్టాలని ఎవరికీ గుర్తు రాలేదు. అప్పటిదాకా నా సన్మానపత్ర జీవితంలో చప్పట్లు పడనిది ఆ ఒక్కసారే.

ఆ పత్రానికి అద్దం కట్టించి వాళ్ళమ్మాయి ముందుగదిలో తగిలించిందని తర్వాత విన్నాను.

అక్కడితో ఆగుంటే ఇది రాసే పని ఉండేది కాదు. కానీ ఆ రోజు వేదిక మీద మా ఊరి సాంస్కృతిక సంఘం కార్యదర్శి గారు కూడా ఉన్నారు. ఆయనకి బజార్లో ఎరువుల కొట్టుంది. శివారు రైతులంతా ఆయన ఖాతాదార్లు కాబట్టి పిలవక తప్పలేదు. ఆయనకి మైకంటే ప్రాణం. మైకు దొరికితే మైకం. మూడు ముక్కల్లో చెబుతానని మొదలుపెట్టేవారు, ఆ ముక్కల్ని కలిపి కుడితే షామియానా అంతయ్యేది. తిరిగొచ్చేటప్పుడు నన్ను తన స్కూటరు వెనకాల ఎక్కించుకున్నారు.

"మాస్టారూ, ఆ లైను అదిరిందండి. లస్కరుకి ఎక్కువైపోయింది."

"ఎక్కువేం కాదులెండి."

"కాదనుకోండి. కానీ వచ్చేవారం మన సబ్ రిజిస్ట్రారు గారికి వీడ్కోలు సభ పెడుతున్నామా. అందులో వేసేద్దాం. ఆయన వినలేదు గదా."

"ఆయనకీ కాలువకీ సంబంధం ఏముందండీ?"

"లైనుకీ కాలవకీ ఉంది గదండీ, చాలదా?"

గట్టిగా కాదనాల్సింది. అనలేదు. నా వాక్యాన్ని మైకులో మళ్ళీ వినాలని నాకే ఉబలాటంగా ఉంది. లాకుల తలుపు మొదటిసారి నేనే ఎత్తాను.

సబ్ రిజిస్ట్రారు గారి సభలో 'శివారు దాకా పారిన మనిషి' అనగానే చప్పట్లు మోగాయి. కార్యదర్శి గారు మైకు లాక్కుని, "ఆహా, మాస్టారు గారి కలం" అని ఆ వాక్యాన్ని మళ్ళీ చదివి, నాకోసం ఇంకో విడత చప్పట్లు కొట్టించారు. ఇంటికెళ్ళేదాకా నా కాళ్ళు నేల మీద లేవు. ఆ తర్వాత పళ్ళ డాక్టరు గారికి రాశాను. ఆయన తన కుర్చీ దాటి ఏనాడూ ఎక్కడికీ పారలేదు. సంగీతం టీచరు గారికి రాశాను. షష్టిపూర్తి చేసుకున్న రైసుమిల్లు దంపతులకి 'శివారు దాకా పారిన జంట' అని రాశాను. అలా రాస్తే అర్థమేమిటని ఎవరూ అడగలేదు, నేను కూడా నన్నడగలేదు. ఆర్టీసీ బస్సు డ్రైవరు ఒకాయన రిటైరైనప్పుడు మాత్రం ఆ మాట కాస్త అతికింది. ఆయన రోజూ నిజంగానే శివారు దాకా వెళ్ళొచ్చేవాడు.

మా ఆవిడ సూటిగా ఏమీ అనేది కాదు. ఆదివారం పొద్దున్నే నేను కాగితాలు ముందేసుకుని కూర్చుంటే కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "ఈ వారం మీ కాలవ వంతు ఎవరి పొలానికండీ?" అనేది.

రెండు మూడేళ్ళు తిరిగేసరికి ఆ వాక్యం నా చేతుల్లోంచి కూడా జారిపోయింది. బజారు మలుపులో గుడ్డ బ్యానర్ల మీద, 'శివారు దాకా పారిన నేతకు స్వాగతం' అని కనబడింది. కేబుల్ టీవీలో సినిమా అడుగున పచ్చళ్ళ ప్రకటన పరిగెత్తేది, 'శివారు దాకా పారిన రుచి' అని. ఏ పచ్చడైనా అంత దూరం పారిందంటే జాడీ పగిలుండాలి. మందు కోసం పంటు ఎక్కి గోదారి దాటి యానాం వెళ్ళొచ్చినవాళ్ళు మర్నాడు టీ కొట్టు దగ్గర, "నిన్న శివారు దాకా పారాం బావా" అని చెప్పుకునేవారు. అందరి వాడకంలోకీ అదొక్కటే నిజాయితీగా ఉండేది. తొమ్మిదో తరగతి అర్ధసంవత్సర పరీక్షలో ఒకడు 'ఆవు శివారు దాకా పారిన సాధు జంతువు' అని రాశాడు. పదికి ఏడు వేశాను. నా వాక్యాన్ని నేనే ఎలా కొట్టెయ్యను?

ఒకసారి మా స్కూలు కొత్త గదుల కాంట్రాక్టరు గారికి పునాది పడగానే సన్మానం చేశారు. పని మొదలవకముందే సన్మానమేంటని నేను నసిగితే, ముందు సన్మానం చేస్తే సిగ్గుపడి పని బాగా చేస్తాడని కార్యదర్శి గారు సెలవిచ్చారు. ఆయనకి కూడా ఆ వాక్యమే రాశాను. ఆయన గోడలు మొలెత్తున లేపి, ఒక శుభోదయాన ఊళ్ళో కనబడకుండా పోయాడు.

"మీరు సరిగ్గానే రాశారండి" అంది మా ఆవిడ. "మధ్యలో 'పోయి' అన్న ముక్క ఒక్కటే ఎగిరిపోయిందంతే."

శివారు దాకా పారిపోయిన మనిషి. ఊరంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ మరుసటి వారం మరో సభకి అదే వాక్యం రాసిచ్చాను. అప్పటికి దాన్ని చదువుతుంటే చప్పట్లు కూడా పడటం లేదు. నేను 'శివారు' అనగానే ముందు వరసవాళ్ళు లేచి టిఫిన్ల వైపు చూసేవారు. పత్రం అయిపోవచ్చిందని వాళ్ళకది గుర్తు.

ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం లస్కరు గారు మా ఇంటికొచ్చారు. చర్చి నుంచి తిన్నగా వచ్చినట్టున్నారు, అదే తెల్లచొక్కా, చంకలో బైబిలు. కూర్చోమంటే కూర్చున్నారు. మజ్జిగిస్తే తాగి, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలీక చేత్తోనే పట్టుకున్నారు.

"మాస్టారూ, ఒక మాట అడుగుదామనొచ్చానండి. ఏమనుకోరు గదా."

"అయ్యో, అడగండి."

"మా మనవరాలికి సంబంధం చూసుకోడానికొచ్చారండి. పెళ్ళికొడుకు తండ్రి టీచరు. గోడ మీద పటం చూసి చదివి నవ్వాడండి. ఇది మా ఊళ్ళో పళ్ళ డాక్టరు గారింట్లో కూడా ఉందండీ, ప్రెస్సులో అందరికీ ఒకటే అచ్చు గుద్దుతారా అన్నాడు. కాదండీ, ఇది మాస్టారు నాకోసం రాశారన్నాను. ఆయన ఇంకా నవ్వాడండి."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఇంతకీ మాస్టారూ, అది ముందు నాకే రాశారాండీ? లేకపోతే అంతకుముందు ఎవరికన్నా రాసిందేనా?"

"మీకే. మొట్టమొదట మీకే రాశాను."

ఆయన తలూపారు. నమ్మారో, మర్యాద కోసం ఊపారో నాకు తెలీలేదు. లేచి, గ్లాసు జాగ్రత్తగా కిటికీలో పెట్టి, చెప్పులు వేసుకుంటూ అన్నారు, నామీద కోపమేమీ లేనట్టే. "మా రోజుల్లో వంతు లేనివాడికి నీళ్ళు వదిలేవాళ్ళం కాదండి."

ముప్ఫైమూడేళ్ళ సర్వీసులో ఆయనకి దొరికింది అదొక్కటే. పెన్షను అందరికీ వస్తుంది, శాలువా అందరికీ వస్తుంది. ఆ వాక్యం ఆయనది. ఆయన సైకిలు కాలువలో పడేసినవాళ్ళు కూడా ఆయన దగ్గర లాక్కోలేనిది. దాన్ని నేను టిఫిన్లకి ఆశపడి ఊరందరికీ మళ్ళించాను.

మర్నాడే ఎరువుల కొట్టుకెళ్ళి కార్యదర్శి గారికి చెప్పేశాను, ఇక ఆ వాక్యం ఎవరికీ రాయనని.

ఆయన బస్తాల లెక్క చూసుకుంటూ తలెత్తకుండానే నవ్వారు. "అదేంటండీ మాస్టారూ. అదిప్పుడు మీదెక్కడుందండీ. ఊరిది. ఆ మాటకొస్తే రాసింది మీరైనా పైకి తెచ్చింది మేం. లస్కరింట్లో గోడకుంటే ఎవడు చూసేవాడు?"

"చూడాల్సినవాళ్ళు చూసేవాళ్ళండి."

"సరే సరే, కోప్పడకండి. ఇక ఎవరికీ వద్దు. ఒక్కటి. నేను కార్యదర్శినై పాతికేళ్ళవుతోంది. సంఘం వాళ్ళు నాకు సన్మానం చేస్తామని ఒకటే పట్టుబడుతున్నారు."

సంఘమంటే ఆయనే. ఆయన మీద ఆయనే పట్టుబట్టారన్నమాట.

"అందులో ఆ లైను పడాలండి. పైన, మొదటి వరసలో, అన్నిటికంటే పెద్దక్షరాల్లో. రోడ్డు మీదికి కనపడాలి. దాని పక్కనే కారుణ్యమూర్తి అని కూడా వెయ్యండి. పక్కూరి సంఘం ప్రెసిడెంటుకి వేశారు, నాకు లేకపోతే బావుండదు. రెండిటి మధ్యలో ఇంకేమీ రానివ్వకండి."

"నేను రాయనంటే?"

"పాత పత్రంలో పేరు మార్చి కొట్టించుకుంటానండి. మీకెందుకు శ్రమ."

రాశాను. రాయకపోయినా ఆ వాక్యం ఎలాగూ ఆయన గోడెక్కుతుంది. కనీసం మిగతావైనా తప్పుల్లేకుండా ఉంటాయని రాశానన్నది అప్పుడు నాకు నేను చెప్పుకున్న మాట.

మూడోరోజు ప్రూఫు చూడ్డానికి ప్రెస్సుకి వెళ్ళాను. అప్పటికే అమలాపురంలో కంప్యూటరు మీద కంపోజింగు వచ్చేసింది గానీ మా ఊళ్ళో ఇంకా సీసపు అక్షరాలే. కంపోజిటరు గారు నాకంటే పెద్దాయన. అక్షరాలు ఏరీ ఏరీ వేళ్ళ కొసలు నల్లగా నిగనిగలాడుతుండేవి. ప్రూఫు నా చేతికిచ్చి, బీడీ వెలిగించుకోడానికి బయటికెళ్ళబోయి గుమ్మంలోనే ఆగిపోయారు.

మొదటి వరస భారీ అక్షరాల్లో కాగితం ఈ చివరనుంచి ఆ చివరదాకా ఉంది.

వీరు శివారు దాకా పారిన మనిషి కారు

రెండో వరసలో, చీమల బారులా, 'ణ్యమూర్తి, రైతుబాంధవులు, కళాపోషకులు' అని మొదలై మిగతా అంతా ఉంది.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"ఆయన పెద్ద టైపన్నారు గదండీ. ఆ సైజుకి కాయితం అక్కడితో సరి. పోనీ తర్వాత వరస కూడా అదే సైజులో వేద్దామంటే పెద్ద టైపులో ణ కింద య వత్తు లేదండి. అందుకని చిన్నది వేశాను." బీడీ వెలిగించి అన్నారు. "సైజు తగ్గిస్తే మాట విరక్కుండా పట్టేస్తుందండి. తగ్గించమంటారా?"

నేను ఎర్ర పెన్ను మూత తీసి పట్టుకున్నాను. ఎన్నేళ్ళు పిల్లల నోటుపుస్తకాల్లో ఇలాంటివి దిద్దాను. చెయ్యి దానంతటదే కాగితం మీదకి వెళ్ళింది. ఆగింది.

"కార్యదర్శి గారు చూశారా?"

"చూశారండి. కొలబద్ద పెట్టి అక్షరాల ఎత్తు కొలిచారు. ఇనీషియల్స్ సరిచూసుకున్నారు. బ్రహ్మాండం, ఇంక మార్చొద్దన్నారు."

"అయితే మార్చకండి."

"మనిషి తర్వాత కామా అన్నా పెట్టమంటారా?"

"కామా ఎందుకండీ, ఆయన ఎక్కడా ఆగే మనిషి కాదు గదా."

కంపోజిటరు గారు నవ్వలేదు. బీడీ పొగ ముక్కులోంచి వదిలి, "ఆయ్" అన్నారు. ప్రూఫు చూడటమంటే తప్పులు దిద్దడమని అందరూ అనుకుంటారు. నేనారోజు ప్రూఫు చూశాను. అంతే చేశాను. పెన్నుకి మూత పెట్టి, తారీఖు వేసి, కింద సంతకం చేశాను.

సభలో పత్రం చదివింది కూడా నేనే. వరస చివర ఊపిరి తీసుకోవడం నాకు మొదట్నుంచీ అలవాటు. ఆ రోజు కొంచెం ఎక్కువ ఊపిరి కావాల్సొచ్చింది. "వీరు శివారు దాకా పారిన మనిషి కారు" అని ఆగి, కళ్ళజోడు సర్దుకుని, "ణ్యమూర్తి" అన్నాను. ముందు వరసవాళ్ళు అలవాటు ప్రకారం టిఫిన్ల వైపు చూస్తున్నారు. వెనక కూర్చున్న శివారు రైతులు మాత్రం ఒక్కసారిగా దగ్గడం మొదలుపెట్టారు. అంతమందికి ఒకేసారి పొలమారడం నేను మళ్ళీ చూడలేదు. కార్యదర్శి గారు ఆ సందడి చూసి మెప్పు అనుకుని, లేచి రెండు చేతులూ జోడించి, తర్వాత మైకు తీసుకుని మూడు ముక్కలు చెప్పారు. అవి ముగిసేసరికి ఇడ్లీలు గట్టిపడిపోయాయి.

ఇంటికొచ్చాక మా ఆవిడ పత్రం కాపీని దీపం వెలుగుకి పట్టుకుని చూసింది. "పారినవాడు కాదని రాశారు సరే, అసలు మనిషే కారని కూడా రాసేశారేంటండీ?"

నిజంగా నేనది గమనించలేదు. అదనంగా కలిసొచ్చింది.

కార్యదర్శి గారు పత్రాన్ని కొట్లో గల్లాపెట్టె వెనక, సరిగ్గా గుమ్మానికి ఎదురుగా తగిలించుకున్నారు. రోడ్డు మీద సైకిలాపి చదువుకునేంత పెద్దక్షరాలు. పటానికి గంధపుచెక్కల దండ వేస్తే అది వేలాడి రెండో వరసని పూర్తిగా కప్పేసింది. యూరియాకొచ్చిన ప్రతి రైతూ బస్తా ఎత్తుకునే ముందు తలెత్తి చదివేవాడు. ఒకరిద్దరు, "బాగా రాశారండి" అని ఆయనతోనే అన్నారు. ఆయన పొంగిపోయి, "మన మాస్టారేనండి" అని నా పేరు చెప్పుకునేవారు.

నెల తిరక్కుండా ఆ వాక్యం ఊళ్ళో ఎవరికీ పనికిరాకుండా పోయింది. ఎవరన్నా 'శివారు దాకా పారిన మనిషి' అని మొదలెడితే చాలు, పక్కవాడు 'కారు' అని అందించేవాడు. బ్యానర్లవాళ్ళు మానేశారు. పచ్చళ్ళవాళ్ళు వేరే మాట వెతుక్కున్నారు. ఆ తర్వాత సన్మానానికొచ్చిన పోస్టుమాస్టరు గారైతే ముందే చెప్పారు, "మాస్టారూ, నాకు బహుముఖ ప్రజ్ఞాశాలి చాలండి" అని. అరిగిపోయిన మాటలకి కూడా ఒక మర్యాదుంటుందని అప్పుడర్థమైంది. వాటిని ఎవరూ వినరు, అందుకని ఎవరూ నవ్వరు కూడా.

లస్కరు గారు ఆ మధ్య కొబ్బరి మొక్కలకి ఎరువు కొనుక్కుని బస్టాండులో కనబడ్డారు. మనవరాలి సంబంధం ఏమైందని అడిగాను. అదే టీచరు గారి అబ్బాయితో కుదిరిందని చెప్పారు.

"కొట్లో పటం చదివానండి" అన్నారు. "నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు గదండీ. మెల్లిగా మొత్తం వరస చదివాను. తప్పేం రాయలేదండి."

"మీ వియ్యంకుడు గారు చూశారా మరి?"

"నేనే తీసుకెళ్ళానండి, ఎరువు చూపిస్తానని. చదివాడు. మళ్ళీ మా ఇంటికొచ్చి గోడ మీదది కూడా చదివాడు. ఈసారి నవ్వలేదండి." బస్సొస్తే సంచి భుజానికెత్తుకుని వెళ్ళిపోయారు.

ఆ వారంలోనే కార్యదర్శి గారి దగ్గరనుంచి కబురొచ్చింది. ఇంట్లో హాల్లో పెట్టుకోడానికి ఆ పత్రానికి ఇంకో కాపీ కావాలట, ఇంకా పెద్ద సైజులో. ఒక్క అక్షరం కూడా అటూ ఇటూ కాకుండా అచ్చం కొట్లో దానిలాగే ఉండాలట. వెళ్ళి దగ్గరుండి కొట్టించాను. ప్రూఫు కూడా నేనే చూశాను.